తొమ్మిదో గొంతు

ఎడమచేతి గ్లవ్ ఒకటి. కాలిగోళ్లు రెండు. ఒంటి బరువులో నాలుగు కిలోలు. పద్నాలుగు రోజుల సెలవు. నా లెక్క తప్పదన్న నమ్మకం. దాన్ని ఎంతని రాయాలో తెలియదు. కొన్నేళ్ల కిందట కిలిమంజారో మీద నేను పోగొట్టుకున్నవి ఇవి. ఇంకొకటి కూడా పోయింది గాని, అది నాది కాదు. దాన్ని చివర రాస్తాను. నిన్న సాయంత్రం సామాను సంచులతో మెట్లెక్కుతుంటే, మూడో అంతస్తు దగ్గర మెట్ల దీపం టిక్కుమని ఆరిపోయింది. జర్మనీలో, హానోవర్‌లోని మా భవనంలో అది రెండు నిమిషాలకు దానంతటదే ఆరుతుంది. చీకట్లో తడిసిన ఉన్ని వాసన, చేతికింద చల్లటి ఇనుప కమ్మీ. నాకు తెలియకుండానే నోట్లోంచి "ఏడు" అని వచ్చింది. ఆ తర్వాత ఊపిరి బిగబట్టి కాసేపు నిలబడ్డాను. ఎవరూ పలకలేదు. ఇంట్లోకి వెళ్లి, కోటు కూడా విప్పకుండా, పోయినవన్నీ మళ్లీ లెక్కపెట్టుకున్నాను.

ఆ మెట్ల మీదే సరోజక్క మాకు కొండెక్కడం నేర్పింది. ఆమె కరీంనగర్ మనిషి, మా పై అంతస్తులో ఒక్కతే ఉండేది. అప్పటికి యాభై ఎనిమిదేళ్లు. ఆ కొండను రెండుసార్లు ప్రయత్నించి, ఒకసారి మంచుగాలికి, ఒకసారి తోటివాళ్ల జ్వరానికి వెనక్కి తిరిగింది. మోకాలు చూసిన డాక్టరు ఇదే ఆఖరుసారి అని చెప్పేశాడు. హానోవర్, బ్రెమెన్, పాడర్‌బోర్న్‌ల నుంచి మమ్మల్ని ఆరుగురిని పోగుచేసి, వీపు సంచుల్లో నీళ్ల సీసాలు నింపి, ఆదివారాలు ఐదంతస్తులూ ఎక్కించి దింపేది. కింది ఇంటి ముసలావిడ తలుపు తీసి, "మళ్లీ ఇల్లు మారుతున్నారా?" అని అడిగేది.

ఆ ఆరుగురిలో ఐదుగురు ఇంజనీర్లు. నేను డిగ్రీ పూర్తి చేయనివాణ్ని. గోదాములో విడిభాగాల లెక్క చూస్తాను. ఆ విద్య కూడా ఎవరూ నేర్పింది కాదు, చూసి చూసి పట్టుకున్నది. వాళ్ల మధ్య నోరు మెదిపేవాణ్ని కాదు. అలాంటిది ఒక ఆదివారం ఆమె నోట్‌బుక్ తెచ్చి నా ఒళ్లో పడేసింది. నడక వేళలు, ఎత్తులు, రోజూ సాయంత్రం అందరి రక్తంలో ఆక్సిజన్, అన్నీ అందులో రాయాలట.

"చదువుకున్నోళ్లు ఐదుగురున్నారు కదక్కా, నాకెందుకు?" అన్నాను.

"చదువుకున్నోళ్లు యావరేజ్ చెప్తరు మూర్తీ. నాకు ఉన్నది ఉన్నట్టు గావాలె."

నన్ను అంతగా నమ్మిన మనిషి అంతకుముందు లేరు.

ఆమెకొక పద్ధతి ఉండేది. ఆగిన ప్రతిచోటా వరసలో ముందున్న ఆమె "ఒకటి" అనాలి, వెనకవాళ్లు ఒక్కొక్కరే అందుకోవాలి. చివరివాణ్ని నేను, ఏడు. కొండ మీద అందరికంటే ముందు దారి చూపే పెద్ద గైడు ఈ లెక్కలో లేడు. నా వెనక జోసెఫ్ అనే స్థానిక గైడు నడిచేవాడు. అతనికి "ఎనిమిది" నేర్పింది. అతనికి తెలిసిన తెలుగు అదొక్కటే. పాటలా సాగదీసి "ఎనిమిదీ!" అనేవాడు, అందరం నవ్వేవాళ్లం. తొమ్మిది కూడా నేర్పుదామని ఎవరో అంటే, "ఆయన ఎనుక ఎవరున్నరు, ఎందుకు?" అంది.

ఆఖరి మకాంలో, శిఖరానికి బయలుదేరే ముందు, వేలికి తగిలించే ఆక్సిజన్ పరికరం నాకు అరవై ఎనిమిది చూపించింది. డెబ్బై కంటే తగ్గితే పైకి పంపనని పెద్ద గైడు ముందే చెప్పాడు. నేను ఎనభై ఆరు అని రాశాను. అంకెలు పొరపాటున తిరగబడలేదు. తెలిసే తిప్పాను. ఇంజనీర్లందరూ పైకి వెళ్లి నేనొక్కణ్ని డేరాలో మిగలడం నాకు ఇష్టం లేదు. రాసింది నేను గనక ఆ పేజీని మళ్లీ ఎవరూ చూడరని కూడా తెలుసు.

అర్ధరాత్రి బయలుదేరాం. శిఖరానికి అలాగే వెళ్తారు. తల మీది దీపం వెలుగులో ముందువాడి మడమలు తప్ప ఏమీ కనబడదు. మూడు గంటలు నడిచాక ఆగాం. గాలి ఒక్కసారిగా పడిపోయింది. ఒకటి, రెండు అంటూ లెక్క వెనక్కి వచ్చింది. మాట మాటకీ రొప్పు. నేను "ఏడు" అన్నాను. జోసెఫ్ "ఎనిమిదీ" అన్నాడు. అతని వెనక, కొంచెం దూరం నుంచి, ఎవరో నింపాదిగా "తొమ్మిది" అన్నారు. ఆ గొంతులో రొప్పు లేదు. నాకు భయం వేయలేదు. ఆ సంగతే ఇప్పుడు భయపెడుతుంది. లెక్క నిండినట్టనిపించింది. తర్వాతి మజిలీలో కూడా పలికింది. మూడోచోట పలకలేదు. నేను రాతి మీద కూర్చున్నాను. జోసెఫ్ చెయ్యి పట్టి లాగినా లేవలేదు. సరోజక్క వరస దిగి నా దగ్గరికి వచ్చింది.

"ఏందయ్యా మూర్తీ, లే."

"తొమ్మిదో ఆయన రాలేదక్కా. ఒక మనిషిని తక్కువ పెట్టుకుని ఎట్టా ఎక్కుతాం?"

నా మొహం మీద దీపం వేసింది. తర్వాత ఆ దీపాన్ని నా వెనక చీకట్లోకి తిప్పి చాలాసేపు చూసింది. ఒక్కసారి తలెత్తి పైకి చూసింది. నా గడియారం 5,681 మీటర్లు చూపిస్తోంది.

"ఆయన కిందనే ఆగినట్టున్నడు. పోయి తీస్కొద్దాం పా," అంది.

నన్ను తానొక్కడే దింపుతానని జోసెఫ్ అన్నాడట. నేను ఆమె కోటు వదల్లేదట. ఐదుగురినీ పెద్ద గైడుతో పైకి పంపి, ఆమె మాతో దిగింది. ఆగినచోటల్లా లెక్క మానలేదు. ఒకటి, ఏడు, ఎనిమిదీ. జోసెఫ్ పలికాక కూడా కాసేపు చెవి ఒగ్గి నిలబడేది.

మకాంలో నా వేలికి మళ్లీ పరికరం పెట్టి, నోట్‌బుక్ తెరిచి చూసింది. "బయలెల్లేటప్పుడు ఎంతుండె?" అని అడిగింది. చెప్పాను. ఆమె అటు తిరిగి బూట్ల తాళ్లు విప్పడానికి చాలాసేపు తీసుకుంది. తర్వాత పెన్ను నా చేతికిచ్చింది.

"తప్పిన లెక్క ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతది, దిద్దుకుంటం. అబద్ధం మంచిగ కుదిరిన లెక్క తీరుగనే ఉంటది. దాన్ని ఎవలు దిద్దాలె?"

కొట్టేసి అరవై ఎనిమిది రాశాను. ఆ ఐదుగురూ శిఖరం చూసి మధ్యాహ్నానికి దిగి వచ్చారు. ఆమె అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

చాలా నెలల తర్వాత, మోకాలి ఆపరేషన్ అయ్యాక, ఆమె వంటింట్లో కూర్చుని, సెలవు పెట్టి మళ్లీ వెళ్దామన్నాను. "ఉర్లౌబ్ దొరుకుతది గని మోకాలు ఏడ దొరుకుతదయ్యా?" అని నవ్వింది. అప్పుడు ధైర్యం చేసి ఆ గొంతు సంగతి ఎత్తాను. మెదడుకు గాలందక అలా వినబడిందని డాక్టరు చెప్పాడన్నాను. ఆమె టీ గిన్నె మీద మూత పెట్టింది.

"జోసెఫ్‌కు ఎనిమిదే గద నేర్పిన?"

"అవునక్కా."

"మరి తొమ్మిది నాకెట్ల వినవడ్డది?"

నేను కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాను.

"మీరంతా రొప్పుతున్నరు. అదొక్కటే రొప్పుతలేదు. రెండుమాట్ల విన్న. చెప్తె భయపడ్తవని ఊకున్న."

"ఎవరక్కా?"

"నాకేం ఎర్క? ఎవలైతేంది, నిన్ను కూసోబెట్టిండు. ఇంకింత ఎక్కుతె నువ్వు దిగకపోదువు." అని రెండు గ్లాసుల్లో టీ పోసింది. ఒక్క క్షణం ఆగి మూడో గ్లాసు వైపు చూసి, దాన్ని అలమరలో పెట్టేసింది.

సరోజక్క పోయి రెండు చలికాలాలు అయింది. పై అంతస్తులో ఇప్పుడు వేరేవాళ్లున్నారు. గోదాములో నేను కంటితో చూడని అంకె రాయను. మొన్న ఒక అరలో డబ్బా ఒకటి ఎక్కువ తేలింది. ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు, కొట్టేయమన్నారు. ఉన్నది ఉన్నట్టు, ఎక్కువనే రాశాను. మెట్ల దీపం ఆరినప్పుడల్లా "ఏడు" అని, తర్వాత వినబడాల్సిన వాటికోసం ఆగుతాను.

ఆమె పోగొట్టుకున్నది ఇక రాయాలి. శిఖరం 5,895. ఆమెను నేను ఆపింది 5,681 దగ్గర. ఈ మెట్ల మీద ఇన్నేళ్లలో నేను ఎక్కిన ఎత్తంతా కలిపితే ఎప్పుడో దాటేసి ఉంటుంది గాని, అందులో ఒక్క మెట్టు కూడా జమ కట్టుకోలేదు. బాకీ ఇంకా అంతే ఉంది: రెండు వందల పద్నాలుగు మీటర్లు.