పద్మక్క దించిన వ్యాను

ఢిల్లీ శివార్లలో వైశాలి దగ్గర ఫ్లైఓవర్ దిగుతూ టాక్సీ అబ్బాయి గేరు తగ్గించాడు. ఇంజను గొంతు బొంగురుపోయింది, బండి తనంతట తానే నెమ్మదించింది. ఆ మోత వింటే నాకు ముస్సోరీ ఘాట్ గుర్తొస్తుంది. తొంభైలలో, బ్రేకులు పోయిన వ్యానును ఆ కొండ మీంచి ఒంటిచేత్తో దించిన వాణ్ణి నేను. పక్కన పాతాళమంత లోయ, ఎదురుగా లారీలు, నా నోట్లో సిగరెట్టు.

సిగరెట్టు అబద్ధం. ఒంటిచెయ్యీ అబద్ధమే. అసలు నడిపింది నేను కాదు, ఢిల్లీ జనక్‌పురిలో మా పక్కింటి పద్మక్క.

కడప మనిషి. భర్త సైన్యంలో, ఎప్పుడూ సరిహద్దులోనే. కూతురు స్వాతిని బడికి దించడానికి పాత వ్యాను ఆవిడే నడిపేది. నాకు డ్రైవింగ్ నేర్పిందీ ఆవిడే. పెట్రోలు కలిసొస్తుందని మా ఆఫీసువాళ్ళందరిలాగే నేనూ పల్లం రాగానే న్యూట్రల్‌లోకి వేసి వదిలేవాణ్ణి. చేతిమీద ఒక్కటి వేసేది.

"ఏమబ్బా మూర్తీ, అచ్చోసిన ఆంబోతు మాదిరి బండిని ఇడిస్తే ఎట్ల? గేర్లో పెట్టు, ఇంజనే పట్టుకుంటాది. బ్రేకు ఆఖర్న."

ఆఫీసులో కోపం వచ్చినప్పుడు నోరు తెరిచే ముందు కాస్త తగ్గడం కూడా ఆవిడ పక్కన కూర్చునే నేర్చుకున్నాను.

ఆ వేసవిలో నేనూ మా ఆవిడా, పద్మక్కా ఆ వ్యానులోనే ముస్సోరీ వెళ్ళాం. స్వాతి అమ్మమ్మ దగ్గర ఉంది. దిగేటప్పుడు సగం దారిలో బ్రేకు పెడలు మెత్తగా కిందికి దిగిపోయింది. పద్మక్క మూడో గేరులోంచి రెండుకి, రెండులోంచి ఒకటికి మార్చింది. ఇంజను అరిచింది. నేను అంతకన్నా గట్టిగా దేవుళ్ళందర్నీ పిలిచాను.

"గమ్మునుండబ్బా, దేవుళ్ళకు గేర్లు మార్చేది రాదు" అంది. కొండవైపు మట్టిగట్టుకు ఆనించి, హ్యాండ్ బ్రేకు లాగి ఆపింది.

ఢిల్లీ వచ్చాక తెలుగువాళ్ళ విందులో "నేనే దించాను" అనేశాను. మా ఆవిడ దగ్గింది. పద్మక్క మాత్రం నవ్వి, "ఔ, నేను కండ్లు మూసుకోని కూచుంటి" అంది. ఇంకేముంది, ఏటేటా లోయ లోతు పెంచుతూ పోయాను.

పోయినేడు పద్మక్క పోయింది. పలకరించడానికి వెళితే స్వాతి నా చెయ్యి పట్టుకుంది. "అంకుల్, మమ్మీ అంత డర్‌పోక్, ఉత్త పిరికిది కదా! ఆ రోజు మీరు లేకపోతే..."

"లేదమ్మా. నడిపింది అమ్మే. భయపడింది నేను."

స్వాతి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "అచ్ఛా అంకుల్? మీ కహానీలంటే మమ్మీకి చాలా ఇష్టం."

నడిపింది అమ్మేనని మా ఆవిడ కూడా చెప్పింది. "ఆంటీ, మీరూనా!" అంటూ టీ పెట్టడానికి లేచింది స్వాతి.

తల్లి ధైర్యం కూతురికి చేరవలసింది. మధ్యలో నేను తీసేసుకున్నాను. ఇప్పుడు తిరిగి ఇస్తానంటే పుచ్చుకునేవాళ్ళు లేరు.