అత్తయ్య అతికిన పోగు

మా మేనత్త పోయిందని తమ్ముడు ఉప్పాడ నుంచి రాసిన కార్డు పోయిన నెల పాలకొల్లులో నాకు అందింది. చావు కబురు తెచ్చిన కార్డును ఇంట్లోకి తీసుకుపోకూడదు, చదివి చింపెయ్యాలి. వాకిట్లోనే నిలబడి రెండుసార్లు చదివి చింపేశాను. తీరా చింపాక ఆ ముక్కలు ఏం చెయ్యాలో తోచలేదు, గుప్పిట్లో పట్టుకుని నిలబడిపోయాను. ఆవిడే ఉంటే, "చింపినవాడివి చింపావు, వాకిలంతా పాడుచెయ్యకు నాయనా!" అని ఉండేది.

పడవెక్కి బయలుదేరాను. లాకు లాకు దగ్గరా పడవ ఆగుతోంది, నాకేమో ఏడుపుకి బదులు కోపం వస్తోంది. పడవ వాడి మీద, కాలవ మీద, అందరికన్నా ఎక్కువ నా మీద. నేను వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి.

మా నాన్నకి ఆవిడ అక్క. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. మా అమ్మ వంటింటి మనిషి, అత్తయ్య వీధి మనిషి. మాది నేతవాళ్ళ వీధి. పొద్దు పొడవగానే వీధి పొడుగునా పడుగు సాగదీసి గంజి పెట్టేవారు. నడుమెత్తున వందల పోగులు సాగి ఉంటే, అవతలికి పోవాలనుకున్నవాళ్ళు కింద నుంచి దూరాల్సిందే. అక్కడ వెదురుకర్ర పట్టుకుని అత్తయ్య కాపలా. మేకలకీ మాకూ ఒకటే మర్యాద.

"వంగు! వంగరా అంటే! పోగు తెగిందా, తోలు తీస్తా!"

అంత అరిచే మనిషి కర్ర ఎవరి మీదా పడగా నేను చూడలేదు. ఎప్పుడైనా పోగు తెగితే మాత్రం నోరు కట్టేసినట్టయ్యేది. గొంతుక్కూర్చుని, వేలు తడి చేసుకుని, చిటికెడు బూడిద అద్ది రెండు కొసల్నీ కలిపి నులిమేది. ముడి వెయ్యడం ఆవిడకి నామర్దా. "అతుకు చేతికి తగిలితే అది అతుకు కాదురా, మచ్చ" అనేది. నేల మీద పడ్డ నూలుముక్క కూడా వదిలేది కాదు, ఏరి కొంగున ముడేసుకునేది. సాయంత్రానికి అవి దీపంలో వత్తులయ్యేవి.

నేను క్రైస్తవ మిషను వారి బడిలో చదువుకునేవాణ్ణి. పొద్దున్నా సాయంత్రం మగ్గం పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టి ఇవ్వడం నా పని. అది చాలడం లేదని నాన్న గొడవ. పువ్వుల చీర నెయ్యాలంటే పక్కన రోజంతా ఇంకో మనిషి కావాలి. ఆయన తప్పేం కాదు. ఒకరోజు తేల్చి చెప్పేశారు.

"ఈ ఏడు ఆ బడి నుంచి చేతిలో ఏదైనా పట్టుకొస్తే సరి. లేకపోతే ఉగాది నుంచి మగ్గం గుంటలో కూర్చోవాల్సిందే."

నాకు లెక్కలు రావు, పద్యం సగంలో మరిచిపోతాను. వచ్చిందల్లా పరుగు. ఆ ఏడు కాకినాడలో చుట్టుపక్కల బళ్ళన్నిటికీ కలిపి ఆటల పందేలు పెట్టారు. పరుగులో గెలిచిన వాడికి ఎర్ర రిబ్బను కట్టిన కొత్త పలక ఇస్తారని మా పంతులు గారు చెప్పారు. నాకు ఆ పలక చాలు. దాన్ని నాన్న ముందు పెడితే బడి నాదే.

"కాకినాడ షావుకారికి చీరలు ఇచ్చి రావాలిరా తమ్ముడూ, పిల్లాణ్ణి కూడా తీసుకుపోతాను" అని అత్తయ్య నాన్నకి చెప్పింది. ఆ చీరలు మర్నాడు ఇచ్చినా మునిగిపోయేదేం లేదని ముగ్గురికీ తెలుసు. తెల్లారగట్ల సముద్రపు ఒడ్డున నడక మొదలుపెట్టాం. తడి ఇసకలో నడిస్తే కాళ్ళు అలిసిపోవని ఆవిడ, అలలు తగిలితే చీరల మూట తడుస్తుందని నేను, దారి పొడుగునా వాదన. మధ్యలో కూర్చుని చద్దన్నం తిన్నాం. తన వాటా ఆవకాయ ముక్క కూడా నా అన్నంలో పెట్టి, "పరిగెత్తేవాడికి ఉప్పూ కారం ఉండాలి" అంది. అంత దూరం ప్రయాణం మా ఇద్దరికీ అదే మొదటిసారి. ఓడల పొగ కనిపించగానే ఆవిడ నిలబడిపోయి, "అన్ని పొయ్యిలు ఎవరు రాజేస్తార్రా?" అంది.

మైదానంలో ముగ్గుపిండితో గీతలు గీశారు. చివర రెండు గుంజలకి మధ్య తెల్లటి పోగు ఒకటి సాగదీసి కట్టారు. గెలిచినవాడు దాన్ని రొమ్ముతో తెంపాలట. ఆ మాట డ్రిల్లు మాస్టారు చెప్పే ఉంటారు, నాకు మాత్రం వినబడలేదు. నా కళ్ళు పలక మీద ఉన్నాయి.

ఈల వేశారు, పరిగెత్తాను. సగం దూరం దాటేసరికి ముందు ఎవరూ లేరు. గుంజల పక్కన జనంలో అత్తయ్య కనిపించింది. ఇంకో పది అడుగులు. ఎదురుగా, మా వీధిలోలాగే, సాగదీసిన నూలు.

"ఒరేయ్, వంగు! వంగరా!"

నేను వంగాను. చేతులు నేలకి ఆనేంతగా వంగి, పోగు కింద నుంచి పిల్లిలా దూరి అవతల తేలాను. నా వెనకవాడు రొమ్ము విరుచుకుని వచ్చి దాన్ని ఫట్టున తెంపేశాడు. మైదానం మైదానమంతా గొల్లున నవ్వింది.

"పందెం గెలిచి దొంగలా కింద నుంచి దూరావేంట్రా?" అన్నారు డ్రిల్లు మాస్టారు.

"నూలండి. తెగిపోద్ది కదండీ."

మళ్ళీ నవ్వులు. బహుమతులు ఇచ్చే దొరగారికి మా పంతులు గారు ఇంగ్లీషులో ఏదో చెప్పి చూశారు. ఆయనా నవ్వారు. పలక మాత్రం తెంపినవాడికే ఇచ్చారు.

అత్తయ్య జనాన్ని తోసుకుని వచ్చింది. తెగిన పోగు రెండు ముక్కలూ గుంజల నుంచి విప్పి, గొంతుక్కూర్చుంది. బూడిద లేదు కదా, నేల మీది ముగ్గుపిండి చిటికెడు తీసుకుని అక్కడికక్కడే అతికేసింది. "నూలు నేల మీద వదలకూడదండి" అని మాస్టారికి చెప్పి కొంగున ముడేసుకుంది. అంతమందిలో సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటి వరకూ ఏడుస్తూనే నడిచాను. ఆవిడ ఒక్కసారి కూడా ఊరుకోమనలేదు.

ఇంటికొచ్చాక నాన్న నా ఖాళీ చేతులు చూశారు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ అందుకుంది.

"వాడి తప్పేం లేదురా. గెలిచేశాడు. నేనే అలవాటున వంగమని అరిచాను, వాడు వంగాడు. నా నోరే వాడి పలక పోగొట్టింది. వాడు బడికి పోతాడు, వాడి చోట నేను కూర్చుంటాను."

"కాపలా, పడుగూ, గంజీ అన్నీ నువ్వే చూస్తున్నావు గదే అక్కా! ఇది కూడానా?"

"తప్పు చేసింది నేనైతే దండగ వాడు కడతాడేంటి?"

నాన్న ఆ పోగు అడిగి తీసుకుని వేళ్ళతో నలిపి చూశారు. "సీమ నూలు! ఓడల్లో వచ్చే మిల్లు నూలు! ఒరేయ్, దీని కోసమా వంగావు?" అన్నారు.

"ఎవరి నూలో తెలీదు నాన్నా."

ఆయన పోగుని అత్తయ్య చేతికి తిరిగి ఇచ్చేశారు. మర్నాడు పొద్దున్న నేను కండెల దగ్గర కూర్చోబోతే, "బడికి వేళ కాలేదేంట్రా?" అన్నారు. నా చోట అప్పటికే అత్తయ్య కూర్చుని ఉంది.

పాఠకులకి ఒక మాట చెప్పుకోవాలి. అత్తయ్య అరవకపోయినా నేను వంగేవాణ్ణే. పోగు చూడగానే నా వెన్ను దానంతట అదే వంగింది. ఆ సంగతి ఆ సాయంత్రం నాన్న ముందు చెప్పి ఉండాల్సింది. చెబితే బడి పోతుందేమోనని నోరు మూసుకున్నాను. నేను లెక్కలు నేర్చుకుని, ఇంగ్లీషు నేర్చుకుని, ఊరు కాని ఊళ్ళో పంతులునై నలుగురి చేత "మాస్టారండీ" అనిపించుకుంటున్న ఇన్నేళ్ళూ ఆవిడ నా చోటులో కూర్చుని కండెలు చుట్టింది. చూపు మందగించాక కూడా తడుముకుంటూ చుట్టింది. వెళ్ళినప్పుడల్లా చెబుదామనుకునేవాణ్ణి, చెప్పకుండానే తిరిగొచ్చేవాణ్ణి.

పోయిన వేసవిలో చెప్పేశాను. అరుగు మీద కూర్చుని ఉంది. అంతా విని బోసినోటితో నవ్వింది.

"ఓరి పిచ్చినాగన్నా! ఇన్నాళ్ళూ ఇదా నీ కడుపులో పెట్టుకున్నది? నేను అరిచేటప్పటికే నువ్వు సగం వంగావురా. నాకు కళ్ళు లేవనుకున్నావా?"

"మరి తప్పు నీదని నాన్నతో ఎందుకు చెప్పావత్తా?"

"నువ్వు చెప్పలేదుగా" అని, నా మోకాలి మీద ఒకటేసి, "లే, అన్నం చల్లారిపోతుంది" అంది.

అదే ఆవిడ చేతి అన్నం నేను ఆఖరుసారి తినడం.

నేను ఉప్పాడ నుంచి తిరిగి బయలుదేరే ముందు తమ్ముడు ఆవిడ చెక్కపెట్టె నా ముందు పెట్టాడు. సముద్రం వీధిని కోసుకుపోయినప్పుడల్లా ఆవిడ నెత్తిన పెట్టుకుని వెనక వరస ఇళ్ళలోకి మోసుకొచ్చిన పెట్టె అది. లోపల రెండు చీరలు, ఒక దువ్వెన, అడుగున ఒక కండె. కండె మీద ఒంటి పోగు, పాతబడి పసుపుపచ్చగా మారిన సీమ నూలు.

దాన్ని పాలకొల్లు తెచ్చుకున్నాను. నిన్న సాయంత్రం అరుగు మీద కూర్చుని, తెగుతుందేమోనని భయపడుతూ మెల్లగా విప్పాను. ఈ కొస నుంచి ఆ కొస దాకా రెండు వేళ్ళ మధ్య లాగాను. మళ్ళీ లాగాను. ఎక్కడ తెగిందో నా వేళ్ళకి దొరకలేదు.