మే బున్మా నేర్పిన మాటతో యసోథోన్ పల్లెల్లో

థాయిలాండ్ అనగానే మనవాళ్ళకు పట్టాయా, ఫుకెట్ గుర్తొస్తాయి. మా వరంగల్ నుంచి పోయినవాళ్ళు చూసొచ్చేవీ అవే. నేనూ నా భార్య స్వరూపా వెళ్ళింది మాత్రం ఆ దేశపు ఈశాన్య భాగంలో ఉన్న యసోథోన్ జిల్లాకు. అక్కడ సముద్రం లేదు, పెద్ద కొండలూ లేవు. కనుచూపు మేర వరి మళ్ళు, మధ్యమధ్యన చెరువులు. ఆ జిల్లాలో ఒక పల్లెలో బున్మా అనే పెద్దావిడ ఉండాలి. ఆమెను చూడాలనే బయలుదేరాం.

ఆమె ఎవరో ముందు చెప్పాలి. హనుమకొండలో కర్రీ పాయింట్ పెట్టుకోకముందు నేను దుబాయిలో ఒక థాయ్ హోటల్ వంటింట్లో ఆరేళ్ళు పనిచేశాను. మాది హసన్‌పర్తి దగ్గర వ్యవసాయ కుటుంబం, వంట నాకు దుబాయిలోనే అబ్బింది. వంటింటికి పెద్ద బున్మా. పనివాళ్ళలో నేపాలీలు, ఫిలిప్పీన్సువాళ్ళు ఉండేవాళ్ళు గాని, థాయ్ మనిషి ఆమె ఒక్కతే. అందరం ఆమెను 'మే' అని పిలిచేవాళ్ళం. మే అంటే అమ్మ. ఆమెకు ఇంగ్లీషు రాదు, నాకు థాయ్ రాదు. ఉల్లిగడ్డ చూపించి దాని పేరు చెప్పేది. నేను తప్పు పలికితే గరిటెతో గిన్నె మీద ఒకటి కొట్టేది. రెండో ఏడు వచ్చేసరికి పొయ్యి దగ్గర ఇద్దరం పొద్దంతా మాట్లాడుకునేవాళ్ళం. నాకు పచ్చకామెర్లు వచ్చినప్పుడు తగ్గేదాకా పూటపూటకూ జావ కాచి గదికి తెచ్చింది. అప్పుడు వీడియో కాల్‌లో స్వరూప ఆమెకు దండం పెట్టడం నాకింకా గుర్తుంది. కరోనా తర్వాత హోటల్ మూతపడింది. ఎవరి ఊరికి వాళ్ళం చేరాం. కొన్నాళ్ళు ఫోన్లు నడిచాయి, ఆ తర్వాత ఆమె నంబరు కలవడం మానేసింది.

"ఇంకెన్ని రోజులు ఆ ఫోన్ పట్టుకోని కూసుంటవ్? పోదాం పా. ఆమెను ఒక్కసారన్న నా కండ్లతోని చూడాలె" అంది స్వరూప. ఆమెకు మట్టెవాడలో టైలరింగ్ షాపుంది. దసరా, దీపావళి కుట్టుపని ముగిశాక డిసెంబరులో బయలుదేరాం. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు విమానంలో నాలుగు గంటలు కూడా పట్టదు. మేం వెళ్ళినప్పుడు మనవాళ్ళకు వీసా అక్కర్లేదు. ఆ నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి మీరు టికెట్ తీసుకునే ముందు ఒకసారి చూసుకోండి.

బ్యాంకాక్‌లో దిగిన రోజే నాకొక విషయం తెలిసింది. లాడ్జిలో కౌంటర్ దగ్గరున్న అమ్మాయితో నేను గర్వంగా థాయ్‌లో మాట్లాడితే ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "సార్, మీకు థాయ్ ఎవరు నేర్పారు?" అని మర్యాదగానే అడిగింది. నేనేం తప్పు మాట్లాడానో అర్థం కాలేదు. మర్నాడు పొద్దున రైల్వేస్టేషన్‌కు వెళ్తుంటే టాక్సీ డ్రైవర్ అసలు సంగతి విప్పాడు. నేను రెండు ముక్కలు మాట్లాడానో లేదో, అతను అద్దంలోంచి నన్ను చూసి ముఖమంతా విచ్చుకునేలా నవ్వాడు. నేను మాట్లాడేది థాయ్ కాదట. ఇసాన్ మాటట. ఇసాన్ అంటే ఆ ఈశాన్య ప్రాంతం. వాళ్ళ మాట పక్కనున్న లావోస్ వాళ్ళ మాటకు దగ్గర. ఎక్కడికి అనడానికి బ్యాంకాక్‌లో 'పై నై' అంటే, ఇసాన్‌లో 'పై సై' అంటారు. ఆరేళ్ళపాటు థాయ్ అనుకుని నేను నేర్చుకున్నది మే బున్మా ఊరి మాట.

ఇదంతా స్వరూపకు చెబితే ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. "అంటే ఎక్కడికి అననీకి మనం ఏడికి అన్నట్టు. మంచిదే గదా. మనం పోయేది గా ఊరికేనాయె" అంది. అందుకని ఇక్కడ ఒక మాట. ఇసాన్ మనుషుల సంభాషణలు తెలుగులో రాయబోతే నాకు మా వరంగల్ మాటలోనే వస్తున్నాయి. అలాగే రాస్తున్నాను.

పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి ఉబోన్ చేరాం. అక్కడి బస్టాండులో వ్యాన్లు దొరుకుతాయి. మనిషికి వంద బాట్లు, రెండు గంటల్లో యసోథోన్. గది ఐదు వందల బాట్లకు శుభ్రమైనదే దొరికింది. మర్నాడు పొద్దున్నే మార్కెట్‌కు వెళ్ళాం. పొగమంచులో ఆడవాళ్ళు చాపల మీద ఆకుకూరలు పరుచుకుని కూర్చున్నారు. సగం ఆకుల పేర్లు నేను విన్నవే, దుబాయిలో అవి దొరకవని మే బున్మా రోజూ తలచుకునేది. వెదురు బుట్టల్లో ఆవిరి మీద ఉడికిన బంక అన్నం కొన్నాం. వేళ్ళతో ముద్ద చేసి, కాల్చిన కోడిమాంసంతో తినాలి. నేను బేరం ఆడిన మాట విని కోడి కాల్చే ఆమె పక్క దుకాణం వాళ్ళందరినీ పిలిచి నన్ను చూపించింది. డబ్బులిచ్చాక ఇంకో ముక్క పొట్లంలో పెట్టింది.

మార్కెట్ వెనక నుంచి కుట్ చుమ్ అనే ఊరి వైపు సోంగ్‌తేవ్‌లు పోతాయి. పికప్ బండికి వెనక రెండు బల్లలు వేసి పైన కప్పు కడతారు, అదే సోంగ్‌తేవ్. ములుగు అడవి పల్లెలకు పోయే జీపులు ఎక్కినవాళ్ళకు కొత్తగా ఉండదు. టికెట్ యాభై బాట్లు. దారి పొడుగునా కోసిన వరి మళ్ళు, బురదలో పొర్లే బర్రెలు, మోటారు సైకిళ్ళ మీద బడికి పోయే పిల్లలు. ఎక్కిన ప్రతి మనిషీ ముందు మమ్మల్ని 'అన్నం తిన్నరా' అని అడిగి, ఆ తర్వాతే ఎక్కడివాళ్ళని అడిగారు.

మే బున్మా ఊరి పేరు నోంగ్ బువా అని నాకు తెలుసు. తామర చెరువు అని అర్థం. డ్రైవర్ మమ్మల్ని నోంగ్ బువాలోనే దింపాడు. రోడ్డు పక్కన రేకుల కింద బొప్పాయి పచ్చడి అమ్మే ఒకామెకు ఫోన్‌లో ఫోటో చూపించాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఈమెది ఈ ఊరు గాదు బిడ్డా. ఈ చుట్టుపట్ల మూడు నోంగ్ బువాలున్నయ్. నువ్వెతికేది ఏదో" అంది.

 స్వరూప నా ముఖం చూసి విషయం అడిగి తెలుసుకుంది. "ఫికర్ పడకు. వాళ్ళ ఊరు గురించి ఆమె నీకేం చెప్పిందో జర గుర్తు తెచ్చుకో. ఆరేండ్లల్ల ఏదో ఒకటి చెప్పే ఉంటది" అంది.

ఆలోచించాను. వర్షాలు తగ్గాక ఊళ్ళో ఆడవాళ్ళంతా చెరువులో తుంగ కోసి చాపలు అల్లుతారని చెప్పేది. తనకు అల్లడం రాదని, అత్తగారు రోజూ తిట్టేదని చెప్పి నవ్వేది. ఆ మాట చెప్పగానే పచ్చడామె రోకలి పక్కన పెట్టింది.

"చాపలల్లేది కుట్ చుమ్ అవతలి నోంగ్ బువా. మా చెల్లెను గాడికే ఇచ్చినం" అంది. సోంగ్‌తేవ్ డ్రైవర్ ఇంకా పోలేదు, అక్కడే నిలబడి పచ్చడి తింటున్నాడు. ఆమె అతన్ని తనే ఒప్పించింది. మూడు వందల బాట్లకు తీసుకెళ్ళి దింపుతానన్నాడు. మేం ఏమీ అడగకముందే మాకూ చెరో పళ్ళెం వచ్చింది. పచ్చి బొప్పాయి తురుము, చింతపండు, ఎండుమిర్చి, చిన్న టమాటాలు కలిపి మట్టి రోట్లో దంచిన పచ్చడి. స్వరూప మొదటి ముద్దకే చెమటలు తుడుచుకుని, ఇంకొంచెం కావాలని పళ్ళెం చాపింది.

రెండో నోంగ్ బువాకు చేరేసరికి ఎండెక్కింది. చాపలు నిజంగానే ప్రతి ఇంటి ముందూ దండేల మీద ఆరేసి ఉన్నాయి. ఎర్రవి, పచ్చవి, ఊదా రంగువి. అంత మామూలు తుంగ గడ్డిలోంచి అంత అందం ఎలా తీశారా అని స్వరూప ఒక్కొక్కదాన్ని చేత్తో తడిమి చూసింది. డ్రైవర్ అడిగి తెలుసుకుని ఒక ఇంటి ముందు ఆపాడు. ముప్పై దాటిన ఒకామె నీలం పట్టా మీద వడ్లు ఆరబోసి పొడుగు కర్రతో తిరగేస్తోంది. ఆమె పేరు దావ్ అని తర్వాత తెలిసింది.

"మే బున్మా ఇల్లు ఇదేనా చెల్లె? జర చెప్తవా" అన్నాను.

ఆమె పని ఆపి నన్ను చూసింది. తర్వాత నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసింది. "ఇంకొకసారి అను" అంది.

మళ్ళీ అన్నాను. దుబాయి అనీ, హోటల్ అనీ చెప్పాను. ఆమె కర్ర కింద పెట్టి మెట్ల మీద కూర్చుంది. "నేను ఆమె బిడ్డను. అమ్మ మొన్న వానకాలంల పోయింది అన్నా. నిద్రలనే పోయింది. నొప్పి గిట్ల ఏం లేకుండె" అంది.

"ఏమంటాంది?" అని స్వరూప నా చెయ్యి పట్టుకుంది.  "లేదట" అని మాత్రం అన్నాను.

వెంటనే వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను. దావ్ పోనివ్వలేదు. ఇంత దూరం వచ్చి అన్నం తినకుండా పోతే అమ్మ ఊరుకునేది కాదంది. స్తంభాల మీద కట్టిన ఆ ఇంటి కింద వెదురు గద్దె మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. స్వరూప సంచిలోంచి వరంగల్ కొత్తవాడలో కొన్న జంపఖానా తీసి ఆమె చేతిలో పెట్టింది. దావ్ అంచుల నేత చూసి, పక్కింటి ఆడవాళ్ళను పిలిచి చూపించింది. వంటకు నేనూ సాయం పట్టాను. కోడిమాంసంలో సోయకూర, నిమ్మగడ్డి, వంకాయ వేసి ఉడికించే పులుసు. దాన్ని ఓమ్ అంటారు. ఉడుకుతుండగా అలవాటు కొద్దీ గరిటెతో కొంచెం తీసుకుని, "సిమ్ బెంగ్ గొన్" అన్నాను. ముందు రుచి చూద్దాం ఆగు అని.

దావ్ చేతిలో కత్తి ఆగిపోయింది.

"మా అమ్మ కూడ గట్లనే అంటుండె. గదే మాట, గంతే సాగదీసి. పట్టా కాడ నువ్వు మాట్లాడంగనే నాకు ఒళ్ళు జలదరించింది. నువ్వు మా అమ్మ తీరుగ మాట్లాడుతానవ్ అన్నా" అంది.

అంతవరకూ నాకు తట్టలేదు. నేను ఆ మాట ఇంకెవరి దగ్గరా నేర్చుకోలేదు. ఆమె ఎక్కడ సాగదీస్తే అక్కడ సాగదీశాను, ఎక్కడ గొంతు తగ్గిస్తే అక్కడ తగ్గించాను. దావ్ చిన్నపిల్లగా ఉన్నప్పుడే తల్లి పనికోసం దేశం దాటింది. తను అమ్మమ్మ దగ్గర పెరిగానని చెప్పింది. తల్లి తిరిగొచ్చేసరికి తనకే పిల్లలు. "నాకు అమ్మ దొరికింది కొన్నేండ్లే. నువ్వు ఆమెతోని నాకంటె ఎక్కువ మాట్లాడినవేమో. ఆడ ఎట్లుండేదో చెప్పు" అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, ఆకలి ఉంది.

చెప్పాను. హోటల్ వెనక, ఏసీ నీళ్ళు కారే చోట మే బున్మా ఒక నూనె డబ్బాలో మిరప మొక్క పెంచేది. దానికి దావ్ అని పేరు పెట్టింది. పొద్దున రాగానే దాని దగ్గరికి పోయి, 'దావ్, అన్నం తిన్నవా, బడికి పోయినవా' అని అడిగేది. మాకూ అది అలవాటైపోయింది. నేపాలీ పిల్లలు కూడా 'దావ్ దగ్గర రెండు కాయలు తెంపుకురా' అనేవాళ్ళు. వేసవిలో మొక్క వాడిపోతే ఆమె ఆ రోజు ఎవరితోనూ మాట్లాడేది కాదు.

దావ్ ముందు నవ్వింది. "మిరపచెట్టా" అని మళ్ళీ అడిగి నవ్వింది. తర్వాత చాలాసేపు చొక్కా అంచుతో కళ్ళు ఒత్తుకుంది. "ఫోన్ల ఎన్నడు గిది చెప్పలే" అంది. స్వరూప ఆమె పక్కకు జరిగి కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది.

తిన్నాక ఊరి చివరి బౌద్ధ ఆలయానికి నడిచాం. ప్రహరీ గోడ పక్కన వరసగా చిన్న చిన్న తెల్లని స్తూపాలున్నాయి. ఒకదానిలో మే బున్మా అస్థికలు. దావ్ అగరొత్తులు ఇచ్చింది. స్వరూప చెప్పులు విడిచి, చేతులు జోడించి తెలుగులోనే అంది: "అమ్మా, దేశంగాని దేశంల మా ఆయనను కడుపుల పెట్టుకోని సూసుకున్నవ్. నీకు చెప్పుకుందామని వచ్చిన." దావ్ అడిగితే నేను ఇసాన్ మాటలో చెప్పాను. దావ్ తన తల్లి తరఫున, "బొ పెన్ యాంగ్" అంది. దానిదేముంది అని అర్థం. పొద్దు వాలకముందే దావ్ భర్త మమ్మల్ని తన పికప్‌లో యసోథోన్ దాకా దింపాడు. డీజిల్‌కైనా ఇస్తామంటే పుచ్చుకోలేదు. పైగా ఒక ఊదా రంగు చాప చుట్టి ఇచ్చారు.

ఇసాన్‌లో చూడదగ్గవి ఏమున్నాయని ఎవరైనా అడిగితే నేను పెద్ద పేర్లేమీ చెప్పలేను. మనిషి కనబడగానే అన్నం సంగతి అడిగే ఊళ్ళున్నాయి. తెలియని వాళ్ళ కోసం రోకలి ఆపే ఆడవాళ్ళున్నారు. బ్యాంకాక్‌లో ఆ అమ్మాయి నవ్విన మాటే నన్ను ఆ ఇంటి వంటింటిదాకా తీసుకెళ్ళింది. ఇప్పుడు వారానికోసారి దావ్ ఫోన్ చేస్తుంది. పెద్ద విషయాలేం ఉండవు, ధరలు, వానలు, కూరలు. నేను మాట్లాడుతుంటే ఆమె ఎక్కువగా వింటూ ఉంటుంది.

మీరూ ఇలా ఎవరినైనా వెతుక్కుంటూ వెళ్ళేట్టయితే ఒక సలహా. ఇసాన్‌లో ఒకే పేరుతో చాలా ఊళ్ళుంటాయి, కాబట్టి ఊరి పేరొక్కటే సరిపోదు. మన మండలం లాంటిది అక్కడ అంఫె, ఆ పేరు కావాలి. ఇంట్లో ఇంకొకరి నంబరు కూడా కావాలి. అవి వాళ్ళు ఫోన్ ఎత్తుతున్నప్పుడే అడిగి పెట్టుకోండి.