మహాతల్లి అన్న మాట కోసం ఫిలడెల్ఫియా దాకా

సునీత నా పేరు చెబుతుందా లేదా అన్నది చూడటానికే నేను ఫిలడెల్ఫియా వెళ్లాను. ఊరు చూడాలన్న కోరిక తర్వాత పుట్టింది.

సునీత న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో మా కింది అపార్ట్‌మెంట్‌లో ఉండేది. బైబిలు, గ్రీకు చదువుకునే రోజుల్లో ఆమెకు కారు లేదు, క్లాసుకు నేనే దించేదాన్ని. పట్టా వచ్చాక చర్చిలో దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెబుతూ పాస్టరుగారిని, రూమ్మేట్లను, ఆఖరికి "ఎండలో, మంచులో నన్ను మోసిన ఆ ఎర్ర కారును" కూడా తలచుకుంది. కారు తనంతట తాను నడవదని తోచలేదు కాబోలు.

ఇప్పుడు ఫిలడెల్ఫియాలో ఒక తెలుగు చర్చివాళ్లు గ్రీకుల వాక్చాతుర్యం, తొలి క్రైస్తవుల ప్రసంగాల గురించి మాట్లాడమని ఆమెను పిలిచారు. ఏళ్ల తరబడి సండే స్కూలు చెబుతున్న నన్ను మా చర్చిలో కుర్చీలు సర్దడానికి పిలుస్తారు. అదీ భరించేదాన్ని. కానీ ఆ ప్రసంగానికి ప్రాణం లాంటి ఉదాహరణ నాది. ఏథెన్సులో క్రీస్తు సువార్త చెబుతూ అపొస్తలుడు వాడిన ఒక గ్రీకు మాటకు రెండు అర్థాలున్నాయని, తెలుగులో ఎలా చెప్పాలో తెలియడం లేదని సునీత ఒకరోజు మా వంటింట్లో తల పట్టుకుంది. చేపలు కడుగుతూ నేనే చెప్పాను: "మహాతల్లి అను. అన్నం పెట్టినామెనూ అంటాం, వీధికెక్కి అరిచే ఆమెనూ అంటాం."

శనివారం పొద్దున ఎనిమిదింటికి మా ఆయన నన్ను ప్రిన్స్‌టన్ జంక్షన్ స్టేషన్‌లో దించారు.

"గొడవ పెట్టుకోకు," అన్నారు.

"ప్రసంగం వినడానికి వెళ్తున్నాను."

"అందుకే చెబుతున్నా."

వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ట్రెంటన్‌లో రైలు మారాలి, రెండో రైలుకు టికెట్టు వేరు. రెండూ ముందే ఫోన్‌లో కొనుక్కుంటే పరుగులు తప్పుతాయి. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. ట్రెంటన్ దాటగానే డెలవేర్ నది వస్తుంది. పక్క వంతెన మీద, ట్రెంటన్ తయారుచేస్తుంది, లోకం తీసుకుంటుంది అన్న అర్థంతో ఇంత పెద్ద అక్షరాలుంటాయి. ఈ దేశంలో నాకు నచ్చిన రాతలు తక్కువ. ఇది నచ్చింది.

ఎదురు సీట్లో ఒక అమ్మాయి తనలో తానే మాట్లాడుకుంటోంది. పేరు మౌనిక, నిజామాబాద్ నుంచి ఎం.ఎస్. చదవడానికి వచ్చింది, జాబ్ ఫెయిర్‌కు వెళ్తోంది, అక్కడ తన గురించి చెప్పుకోవలసింది వల్లె వేస్తోంది.

"ఆంటీ, తెలుగేనా? జర నా పిచ్ వింటరా?"

విన్నాను. మొదటి నుంచి చివరిదాకా తన గొప్పే.

"ముందు వాళ్ల కంపెనీని ఓ మాట మెచ్చుకో. తర్వాత నీ సంగతి చెప్పు."

"అంటే మస్కా కొట్టాల్నా?"

"గ్రీకులు దాన్ని శాస్త్రం అన్నారమ్మా."

పదిన్నరకల్లా దిగి, స్టేషన్ నుంచి మ్యూజియానికి నడిచాను. గ్రీకు గది పై అంతస్తులో ఉంది. నల్ల బొమ్మల కుండలు, ముక్కు విరిగిన పాలరాతి తలలు. తీరిగ్గా చూడవలసినవే, నాకే మనసు నిలవలేదు. బయట ఫుడ్ ట్రక్కు దగ్గర శనగల వడల్లాంటి ఫలాఫెల్ తిని, రెండింటికి చర్చి హాలుకు చేరాను. సునీతకు కనబడేలా మూడో వరుసలో కూర్చున్నాను.

సునీత ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఆ రంగు ఆమెకు నప్పుతుందని చెప్పిందీ నేనే.

బాగా మాట్లాడలేదని రాయాలని ఉంది. బాగా మాట్లాడింది. గ్రీకుల కోర్టుల్లో కుండలోంచి నీళ్లు కారిపోయేలోగా వాదన ముగించాలట. మాట చేతకానివాళ్లకు డబ్బు పుచ్చుకుని ప్రసంగాలు రాసిచ్చేవాళ్లు ఉండేవారట. రాసినవాడి పేరు కోర్టులో ఎవరూ ఎత్తరట. ఇది చెబుతూ ఆమె నావైపు చూడలేదు. నేను డబ్బు కూడా తీసుకోలేదు.

తర్వాత ఏథెన్సు వచ్చింది. అపొస్తలుడు నోరు తెరుస్తూనే, మీరు దేవుళ్లంటే ఎంతో భయభక్తులున్నవాళ్లు అన్నాడు. ఆ మాటకు భక్తిపరులనీ అర్థమే, మూఢులనీ అర్థమే. "మన మహాతల్లి అన్న మాట లాగా," అంది సునీత. హాలంతా నవ్వింది. నా నవ్వు అది. ఆమె మూటగట్టుకుంది.

ఇక్కడే పుట్టి పెరిగిన ఒక పిల్ల లేచింది. "ఆంటీ, సో అతను వాళ్లని ప్రెయిజ్ చేశాడా, రోస్ట్ చేశాడా?"

"రెండూ, బంగారం. అదే స్కిల్." సునీత ఆగి, చెయ్యి నావైపు చాచింది. "ఈ ఎగ్జాంపుల్ నాది కాదు. అదిగో, మా ఎస్తేరక్క చెప్పింది. ఆ మహాతల్లి లేకపోతే నేనిక్కడ లేను."

చప్పట్లు కొట్టారు. తలలు తిప్పి చూశారు. చూసినవాళ్లందరూ నవ్వుతున్నారు. సాక్ష్యం రోజు నుంచీ నేను ఎదురుచూసిన మాట వచ్చింది, ఎలా తీసుకోవాలో తెలియలేదు. టీ కూడా తాగకుండా బయటికొచ్చేశాను.

ఐదింటి రైలులో మళ్లీ మౌనికే కనిపించింది. ఒక కంపెనీవాళ్లు రెండో రౌండ్‌కు రమ్మన్నారట, నా పక్కకే వచ్చి కూర్చుంది.

"పొద్దున విననీకి పోతున్న అన్నరు గదా, ఆ ప్రసంగం ఎట్లుండె ఆంటీ?"

"నిన్నెవరైనా మహాతల్లి అంటే ఏమనుకుంటావు?"

"అన్నోళ్లు నవ్వుకుంట అన్నరా?"

"నవ్వుతూనే అంది. కానీ దాని ముఖమే అంత, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది."

"అయితే కష్టమే," అని తల ఊపింది మౌనిక.

అప్పుడే ఫోన్ మోగింది. సునీత మెసేజ్: "అక్కా, చెప్పకుండా వెళ్లిపోయావేం? పేరు చెప్పాగా, సంతోషమేనా?"

చాలా జవాబులు రాశాను, చెరిపాను. ఆఖరికి ఇది పంపాను: "అద్భుతంగా మాట్లాడావు, మహాతల్లీ."

చదివినట్టు గుర్తు పడింది. ఏదో టైప్ చేస్తున్నట్టు చుక్కలు లేచాయి, ఆగాయి, మళ్లీ లేచాయి. నది మీద ఎండ వాలుతోంది. ట్రెంటన్ వచ్చినా జవాబు రాలేదు.

ఫిలడెల్ఫియా మంచి ఊరు. వీలైతే అందరూ ఒకసారి వెళ్లి రావాలి.