గడ్డిలో గడవని రోజు

నూజివీడులో నేను కంప్యూటర్ పాఠాలు తెలుగులోనే చెబుతాను. చెప్పొద్దన్న రోజు నుంచి ఇంకా గట్టిగా చెబుతున్నాను.

ఆ రోజు పొద్దున్నే చాట్రాయి వైపు నుంచి వచ్చే అమ్మాయి ల్యాబ్ గుమ్మంలో నిలబడింది. వాళ్ళమ్మ మామిడితోటల్లో పనికి వెళ్తుంది.

"కోర్సు మానేస్తానండీ మేడం. ప్రోగ్రామింగ్ నా బుర్రకెక్కదండీ."

అంతకుముందు వేరేచోట అన్నీ ఇంగ్లీషులో చెప్పారట. ఒక్క ముక్క అర్థంకాక, లోపం తన బుర్రలోనే ఉందనుకుంది. అలా అనుకునేలా చేసినవాళ్ళ మీద నాకు ఒళ్ళు మండింది.

"మానేద్దువుగానిలే. ముందు మీ ఇంట్లో కాయలెలా మాగబెడతారో అది ప్రోగ్రాంగా రాయి. పేర్లన్నీ తెలుగులోనే పెట్టుకో" అన్నాను.

రాసింది. గడ్డి పరిచి, కాయలు పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పడం దాకా ఒక్కటీ వదల్లేదు. ఆ తర్వాత పండిందా చూడు, పండకపోతే మళ్ళీ చూడు. రన్ కొట్టగానే తెర నిండా "పండలేదు, పండలేదు" అని ఆగకుండా పరిగెత్తింది. పిల్ల మొహం మాడిపోయింది.

"చూశారా, చెప్పానుగా మేడం!"

"ఒకసారి చూశాక, మళ్ళీ ఎప్పుడు చూస్తారు మీ ఇంట్లో?"

"మర్నాడండీ. రోజు గడవాలి కదా..."

అంటూనే మళ్ళీ కీబోర్డు మీదికి వంగింది. రోజు గడవాలని మా వైపు ఏ ఇంట్లోనూ ఎవరూ ఎవరికీ చెప్పరు. కంప్యూటర్‌కి మాత్రం చెప్పాలి. ప్రతిసారీ ఒక రోజు పెంచమని ఇంకో లైను చేర్చింది. ఈసారి ఐదో రోజు లెక్కకి రాగానే "పండింది" అని తెర ఆగింది. నాకు కళ్ళు చెమర్చాయి, ఆ మాట దాచుకోను.

సరిగ్గా అప్పుడే మా సెంటర్ నడిపే సార్ లోపలికొచ్చారు. తెర మీద తెలుగు చూసి చిటపటలాడారు.

"ఏంటండీ ఇది? రేపు ఇంటర్వ్యూలో తెలుగులో అడుగుతారా?"

"అడగరండీ. అర్థంకానిదాన్ని ఈ పిల్ల ఇంగ్లీషులో మాత్రం ఏం చెబుతుంది? ముందు అర్థం కానివ్వండి, ఇంగ్లీషు కూడా నేనే నేర్పిస్తాను. నచ్చకపోతే వేరే మేడంని చూసుకోండి" అన్నాను. నా గొంతు వరండా దాకా వినిపించే ఉంటుంది.

ఆయన నన్ను వదిలి ఆ అమ్మాయి వైపు తిరిగారు.

"లే అమ్మా. ఏం చేశావో ఇంగ్లీషులో చెప్పు."

పొద్దున మానేస్తానంటూ వచ్చిన పిల్ల కీబోర్డు మీంచి చెయ్యి తియ్యలేదు, తలెత్తలేదు.

"కాసేపు ఆగండి సార్. దెబ్బ తగిలిన కాయ ముందే పండుతుందండీ. అది ఇంకా రాయలేదు."

సార్ ఆగారు.