నేల తాకని చెప్పులు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. అమలాపురంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ డెస్క్ నాది. రోగికీ, డాక్టరుకీ, ఎక్కడో దూరాన కూర్చుని ‘అప్రూవ్డ్’ అనో ‘రిజెక్టెడ్’ అనో మెసేజ్ పంపే కంపెనీకీ మధ్య తిట్లు తినడానికి ఒక మనిషి కావాలి కదా, ఆ మనిషిని నేనే. కార్డు చేతిలో ఉంటే అన్నీ వచ్చేస్తాయనుకుంటారు జనం. ఏవి వస్తాయో, ఏవి రావో విడమరిచి చెప్పడం, వాళ్ల మొహాలు చిన్నబోతుంటే చూడటం నా ఉద్యోగం.

ఆ వానాకాలంలో అల్లవరం వైపు నుంచి ఏడుకొండలు గారు వచ్చారు. అరవై దాటిన మనిషి, సొంత నావ మీద ఏట్లో చేపల వేట. వెంట ఆయన భార్య నాగమణి గారు. ఆయన కుడి అరికాలికి పాత పంచె ముక్క చుట్టుకుని, ఊళ్లో పెళ్లికి వచ్చినంత తాపీగా కుర్చీలో కూర్చున్నారు.

“ఏం గుచ్చుకుంది బాబాయి గారూ?”

“తెల్దండి. నొప్పుంటే తెల్సును గదండీ. నావలో నెత్తురు కనబడితే చేప నెత్తురనుకున్నానండి.”

షుగరు ముదిరితే పాదాల్లో నరాలు మొద్దుబారతాయి. డాక్టర్లు దాన్ని న్యూరోపతి అంటారు. మేకు దిగినా తెలియదు, నిప్పు తొక్కినా తెలియదు. పుండు లోపలికి పాకిపోయింది కాబట్టి డిబ్రైడ్‌మెంట్ చేయాలన్నారు డాక్టరు గారు. అంటే చెడిన కండంతా తీసేసి శుభ్రం చేసే ఆపరేషన్. ఆలస్యమైతే పాదమే తీసేయాల్సి వస్తుందని కూడా అన్నారు.

కార్డు వాళ్లమ్మాయి ఉద్యోగంది. తాటిపాక దగ్గర ఏదో కంపెనీలో పని చేస్తుంది. ఉద్యోగులందరికీ కలిపి తీసుకున్న గ్రూప్ పాలసీలో తల్లిదండ్రుల పేర్లు కూడా ఉన్నాయి. అది చూసి నా ప్రాణం కుదుటపడింది. సొంతంగా కొనుక్కున్న పాలసీ అయితే పాత జబ్బులకి ‘వెయిటింగ్ పీరియడ్’ అని కొన్నేళ్లు ఆగమంటారు చాలా కంపెనీలు. ఈ పాలసీలో ఆ మెలిక లేదు. ప్రీ-ఆథరైజేషన్, అదే ముందస్తు అనుమతి, సాయంత్రానికల్లా వచ్చేసింది. ఆపరేషన్ బాగా జరిగింది, పాదం దక్కింది.

గొడవంతా డిశ్చార్జి రోజున వచ్చింది.

“ఈ కార్డు మీద చెప్పులిస్తారాండీ?” అని అడిగారు నాగమణి గారు. డాక్టరు గారు ఎంసీఆర్ చెప్పులు రాశారు. షుగరు పాదాల కోసం మెత్తటి రబ్బరుతో చేసేవి. ఇంట్లో అయినా సరే, అవి లేకుండా ఒక్క అడుగు వేయొద్దని గట్టిగా చెప్పారు.

“పిన్ని గారూ, ఆసుపత్రిలో చేర్చుకుని చేసిందానికి కంపెనీ ఇస్తుందండి. ఇంటికెళ్లాక ఈ పుండుకి వేయించుకునే కట్లకి కూడా కొన్ని వారాలు ఇస్తుంది, బిల్లులు జాగ్రత్త చేయండి. చెప్పులకీ, గోళ్లు తీయించుకోడానికీ, ఆనెకాయలు చెక్కించుకోడానికీ మాత్రం మీ పాలసీలో లేదండి.”

“కాలు చెడితే ఇస్తారు గానీ, చెడకుండా చూసుకుంటామంటే ఇవ్వరాండీ?”

ఇన్నేళ్లుగా నా కడుపుమంట కూడా అదే.

“ఊరుకోవే,” అన్నారు ఏడుకొండలు గారు. “ఇచ్చినా నావలోకి ఏసుకెల్తానేటి?”

అప్పుడు అర్థమైంది నాకు. వాళ్లలో చెప్పులతో ఎవరూ నావ ఎక్కరు. నావంటే గంగమ్మ తల్లి ఒడి. తాతల నాటి నుంచీ ఒడ్డునే విడిచి, కాళ్లు కడుక్కుని ఎక్కడం వాళ్ల పద్ధతి. చెప్పులు లేకుండా ఎక్కితే కాలు పోతుంది. ఎక్కకపోతే ఆ మనిషే ఉండడు.

“మేడమ్ గారండీ, ఓ మాటడగనా?” అన్నారాయన. “నాకు కావలసింది చెప్పులు కాదండి. ఇదివరకు చెక్క మీద కాలెట్టేనంటే, కింద నీల్లు ఎటు మల్లుతున్నాయో అరికాలే చెప్పేసేదండి. పోటు తిరగడం కంటికన్నా ముందు కాలికి తెల్సేది. ఇప్పుడేటీ తెలీట్లేదండి. దానికేవన్నా ఇస్తారాండీ?”

నవ్వేద్దామనుకున్నాను, నవ్వు రాలేదు. “లేదండి,” అన్నాను. చచ్చిన నరం మళ్లీ బతకడం కష్టమని డాక్టరు గారు ముందే చెప్పారు.

తర్వాత కట్టు మార్పించుకోవడానికి వచ్చినప్పుడల్లా నా దగ్గర కాసేపు కూర్చునేవారు. మాటలన్నీ ఏటి గురించే. పొద్దున్నే చెక్క ఎంత చల్లగా ఉంటుందో, ఎండెక్కాక ఎలా చురుక్కుమంటుందో, వల లాగేటప్పుడు వేళ్లు ఎలా పట్టు పడతాయో చెప్పేవారు. “రోజూ ఒడ్డుకెల్లి నావకేసి చూస్తా కూకుంటన్నారండి,” అని నాగమణి గారు కళ్లొత్తుకునేవారు. వింటుంటే, ఎప్పుడూ ఏరు దాటని నాకే ఆ నావ మీద బెంగ పుట్టింది.

పుండు మానింది. నావ ఎక్కే దారి కూడా నాగమణి గారే కనిపెట్టారు. అమ్మాయి చేత రెండు జతల చెప్పులు కొనిపించారు. ఒకటి నేల మీదకి. రెండోది ఒక్కసారి కూడా నేలకి తగలనివ్వకుండా, పసుపు నీళ్లతో కడిగి, బొట్టు పెట్టి, తిన్నగా తీసుకెళ్లి నావలో పెట్టారు.

“నేల తగల్లేదు, మైల అంటలేదు. ఇయ్యి చెప్పులు కాదు, నావ సామాను. ఏసుకో.”

“ఊళ్లో ఏటనుకుంటారే?”

“కాలు పోతే ఊరు మోస్తాదా నిన్ను?”

ఆ వారమే నావ కదిలిందని ఫోన్ చేసి చెప్పారు. రమ్మని పట్టుబడితే, ఒక ఆదివారం మా చర్చిలో ఆరాధన అయ్యాక వెళ్లాను. నా చెప్పులు ఒడ్డున విడిచి, కాళ్లు కడుక్కుని ఎక్కాను. ఆయన ఒడ్డు చెప్పులు కూడా ఒడ్డునే ఉండిపోయాయి. నావ అంచున కూర్చుని, పసుపు మరకలున్న జత తొడుక్కుని, గెడ అందుకున్నారు. పాయ మధ్యకి వెళ్లాక నా కాళ్లకేసి చూశారు.

“చెక్క చల్లగా ఉందాండీ?”

“ఆయ్, చల్లగా ఉందండి. తడిగా ఉంది.”

“కింద నీల్లు తెలుత్తున్నాయాండీ?”

కళ్లు మూసుకున్నాను. మొదట ఏమీ తెలియలేదు. కాసేపటికి మడమల కింద సన్నగా అదురు. “తెలుస్తోంది బాబాయి గారూ. ఇందాక మడమల దగ్గర ఉండేది, ఇప్పుడు వేళ్లకేసి వస్తోంది.”

ఆయన మొహం విప్పారింది. “అయితే పోటు తిరిగిందండి,” అని నావని ఒడ్డుకేసి మళ్లించారు.

ఇప్పుడు షుగరున్న వాళ్లు ఎవరు నా డెస్క్ దగ్గరికి వచ్చినా, కార్డు అందుకునే ముందు ఒక మాట అడుగుతున్నాను: “అరికాలికి నేల తెలుస్తోందాండీ?” ‘సరిగ్గా తెలీదండి’ అన్న వాళ్లని ఆ పూటే డాక్టరు గారి దగ్గరికి పంపుతున్నాను. ఆ స్పర్శ ఒక్కటి పోయాక తిరిగి ఇప్పించడం నా చేతిలో లేదు. సాయంత్రం ఇంటికి వెళ్లగానే చెప్పులు గుమ్మంలో విడిచి, చల్లటి గచ్చు మీద కాసేపు ఊరికే నిలబడతాను. అది నాకు తెలుస్తున్నందుకు సంతోషం, ఆయనకి తెలియనందుకు దుఃఖం, రెండూ కలిసే వస్తాయి.