రెండు సీట్ల కారుకు నాలుగు టైర్లు

మా ఆయన దామోదరం దాదాపు ముప్పై ఏళ్ళు తిరుమల కొండకు ఆర్టీసీ బస్సు తోలాడు. అలిపిరిలో ఎక్కించుకుని పైన దింపడం, పైన ఎక్కించుకుని కింద దింపడం, అదే ఆయన ఉద్యోగం. ఒక్క ప్రమాదం లేదు, ఒక్క ఫిర్యాదు లేదు. రిటైరైన రోజు డిపోలో శాలువా కప్పి మైకులో తెగ పొగిడితే, తలొంచుకుని శాలువా అంచు చూసుకుంటూ నిలబడ్డాడు. నేను నగరి నేతవాళ్ళ బిడ్డను. అంత దూరం నుంచే తెలిసిపోయింది, పాలిస్టరు. ఆ రోజు మాత్రం నోరు మూసుకున్నాను. ఈ చౌడీ నోరు అంత సులువుగా మూతపడేది కాదని మా కొర్లగుంట వీధిలో ఎవరినడిగినా చెప్తారు.

ఆయన బస్సులో నేను కొండకు చాలాసార్లు వెళ్ళాను. దొరికితే ఆయన వెనక సీటు, లేకపోతే జనంలో నిలబడి. వెనక సీటంటే మాత్రం ఏముంది? ఖాకీ చొక్కా వీపు. ఆయన వీపు మీద చెమట ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పాకుతుందో నాకు కంఠతా వచ్చు. మనిషి మాత్రం పక్కకు తిరిగి ఒక మాట కూడా మాట్లాడేవాడు కాదు. రిటైరయ్యాక అడిగేశాను.

"ఏమయ్యా, ఒక్కసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కొండకు తీసకపో. నాకు నగలొద్దు, నాణ్యాలొద్దు. నీ పక్కన కూర్చుని కొండెక్కాల, అంతే."

"సరే" అన్నాడు. సరే అని ఆయన చేసిన నిర్వాకం వినండి.

తిరుపతిలో ఒక డాక్టరు గారి షెడ్డులో దుమ్ము తింటున్న ఎర్ర కారును కొనుక్కొచ్చాడు. స్పోర్ట్స్ కారట. రెండే సీట్లు, ఫైబరు ఒళ్ళు, గుడ్డ పైకప్పు. ఇద్దరు మగవాళ్ళు పట్టుకుంటే ఒక పక్క లేచొస్తుంది. ఆ మోడలు తయారు చేయడం ఎప్పుడో మానేశారట. ఎంతకు కొన్నాడో చెప్పను, చెప్తే నాకు మళ్ళీ ఒళ్ళు మండుతుంది.

"అయిదు సీట్ల కారు దొరకలేదా నీకు?" అని విరుచుకుపడ్డాను.

"అయిదు సీట్లుంటే ఎవురో ఒకరు ఎక్కుతారు. దీంట్లో నువ్వు దప్ప ఇంగొకరికి సోటు ల్యా" అన్నాడు.

నా కోపం సగం అక్కడే చల్లారిపోయింది. మిగతా సగం ముందు ముందు అవసరమొస్తుందని దాచిపెట్టుకున్నాను.

దాన్ని ఆయన తోలే తీరు చూడాలి! కారు మూరెడు, మలుపు బారెడు. వీధి మూల తిరగాలంటే రోడ్డు అవతలి అంచుదాకా పోయి, బస్సు తోక తిరగాలన్నట్టు చుట్టుకుని వచ్చేవాడు. బస్టాపు కనపడితే కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయేది. ఒకసారి లీలామహల్ సర్కిల్ దగ్గర ఎవరో ముసలాయన నిజంగానే చెయ్యెత్తి, కారును చూసి చెయ్యి దించేసుకున్నాడు.

ఇక బయల్దేరదామా అంటే, టైర్లు గుండైపోయాయి, అంచులు పగిలాయి. "టైరు బాగలేకుండా కొండకు బండి తియ్యను. సర్వీసులో తియ్యలా, ఇప్పుడూ తియ్యను" అన్నాడు. అది న్యాయమే. రేణిగుంట రోడ్డులో అబ్దుల్ సత్తార్ టైర్ల కొట్టుకు ఇద్దరం వెళ్ళాం. సత్తార్‌కు మా ఆయన బస్సు రోజుల నుంచీ తెలుసు.

"అన్నా, ఈ సైజు కారు టైరు ఇప్పుడు తిరుపతిలో ఎవురూ పెట్టుకోవడంల్యా. మద్రాసు నుంచి తెప్పిస్తా, కొన్ని దినాలు ఆగు" అన్నాడు సత్తార్.

ఆగితే ఆయన దామోదరం ఎందుకవుతాడు? మూలన పేర్చిన టైర్ల దగ్గరికి పోయి ఒకదాన్ని బొటనవేలితో నొక్కాడు. వేలు దిగలేదు. ముఖం వెలిగిపోయింది. "ఇదే గదా సైజు?"

"సైజు అదే అన్నా. అయితే అది సరుకులు మోసే వ్యాన్లకు ఏసేది. తేలిక కారుకు పనికిరాదు."

"గట్టి టైరు సెడ్డదని యాడన్నా ఇన్నావా సత్తారూ? పండగ దినాల్లో నిలబడే సోటు లేకుండా జనాన్ని ఎక్కించుకుని కొండకు పోయినోణ్ణి. టైరు సంగతి నాకు సెప్తావా అప్పా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగు వ్యాను టైర్లు బిగించుకుని, గాలి కూడా రాయిలా కొట్టించుకుని ఇంటికొచ్చాడు.

కొండకు ముందు ఒకసారి ఏర్పేడు దాకా పోయి చూసొద్దామన్నాడు. నేను నిమ్మకాయ అన్నం కట్టుకుని కూర్చున్నాను. రోట్లో వేసి దంచినట్టు దంచేసింది ఆ కారు. గుంత కనపడితే ఎగరడం, గుంత లేకపోయినా ఎగరడం. డబ్బా మూత ఊడి అన్నం నా చీర మీద, పల్లీలు ఆయన జేబులో. ఏర్పేడు దగ్గరికొచ్చేసరికి వాన మొదలైంది. చిన్న మలుపే, వేగం కూడా లేదు. కారు వెనక భాగం నున్నగా పక్కకు జారింది, బండి గిర్రున తిరిగింది, రోడ్డు పక్క మట్టిలో ఆగిపోయింది. చూస్తే మేం తిరుపతి వైపు ముఖం పెట్టి ఉన్నాం.

ఎవరికీ ఏమీ కాలేదు. నాకు ముందు నవ్వొచ్చింది, "ఇంటికి దారి దానికే తెలుసు" అన్నాను కూడా. పక్కకు చూస్తే ఆయన స్టీరింగు వదిలేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు. ఆ చేతులు స్టీరింగు వదలడం నేనెప్పుడూ చూడలేదు.

"కొండకు వద్దు చౌడీ" అన్నాడు. "బస్సులో పోదాం. నీ పక్కన కూర్సుంటా."

"పక్క సీట్లో కునికిపాట్లు పడే మొగుడు నాకొద్దు. బండి తోలే మొగుడి పక్కన నేను కూర్చోవాల" అన్నాను.

ఇంటికొచ్చి కారు మీద టార్పాలిన్ కప్పేశాడు. పొద్దున్నే లేచి కాఫీ గ్లాసుతో ఆ కారు చుట్టూ తిరిగే మనిషి, పెరటి వైపు కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. కొనేవాళ్ళుంటే చెప్పమని పక్కింటాయనతో అన్నాడని తెలిసింది. ఇక నావల్ల కాలేదు. ఆటో ఎక్కి నేరుగా సత్తార్ కొట్టుకు పోయాను.

"ఏమప్పా, నీ టైరు నా మొగుణ్ణి మూలన కూర్చోబెట్టింది. తప్పు యాడుందో సెప్పు."

"నేను వద్దన్నా గదక్కా!" అని సత్తార్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "ఆ టైరు వంగాలంటే మీద సరుకుండాల. మీ కారులో ఉండేది మీరిద్దరే. టైరు వంగకపోతే రోడ్డును పట్టుకోదు. దానికి తోడు గాలి కూడా ఎక్కువ."

అంతే, నాకు దీపం వెలిగినట్టయింది. ఇంటికొచ్చి మా ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మా నాయన మరమగ్గాలు నడిపే కాలంలో ముతక నూలుకు పెద్ద బరువు దిమ్మెలు తగిలించేవాడు, పోగుల బిగువు కోసం. సన్న నూలు ఎక్కించినప్పుడు ఆ దిమ్మెలు తియ్యడం మర్సిపోతే ఏమయ్యేది? పోగులన్నీ పటపటా తెగేవి. అప్పుడు నూలును తిడతామా? నేసేవాని సేతుల్ని తిడతామా? తప్పు దిమ్మెది గదా. నీ కారు సన్న నూలు. నువ్వు బస్సు దిమ్మె తగిలించినావు. అంతేగాని నీ సేతుల్లో ఏం తప్పు ల్యా."

ఆయన కుర్చీ నా వైపు జరుపుకున్నాడు. తర్వాత మెల్లగా, "అంటే సత్తారు సెప్పిందే నిజమా?" అన్నాడు.

"నిజమే. పోయి ఆ ముక్క వానితో అను."

అన్నాడు. సత్తార్ నవ్వి టీ తెప్పించాడు, వ్యాను టైర్లు వెనక్కి తీసుకున్నాడు. మద్రాసు నుంచి టైర్లు దిగిన రోజు మా ఆయన వాటి ముందు గొంతుక్కూర్చుని ఒక్కోదాన్నీ నొక్కాడు, వాసన చూశాడు, ఎప్పుడు తయారైందో పక్కనున్న అంకెల్లో వెతికాడు. ఒక రకం వెడల్పుగా, చూడ్డానికి దర్జాగా ఉంది. ఇంకో రకం ఎన్నేళ్ళైనా అరగదట. మూడోది సన్నగా, మెత్తగా, వాన నీళ్ళు పోవడానికి లోతైన గాడులతో ఉంది.

"కొండకు ఇదే మేలన్నా. రోడ్డును వదలదు, సప్పుడుండదు. అయితే తొందరగా అరుగుతుంది" అన్నాడు సత్తార్.

అరుగుతుందనే మాటకు మా ఆయన చెయ్యి వెనక్కి వచ్చింది. డిపో బుద్ధి ఎక్కడికి పోతుంది? ఒక్కో టైరు ఎన్ని కిలోమీటర్లు లాగిందో చెప్పుకుని మురిసిపోయే జాతి.

"అరిగితే అరగనీయ్యా" అన్నాను. "మనం మాత్రం అరగడంల్యా?"

సత్తార్ పగలబడి నవ్వాడు. మెత్త టైర్లే వేయించాం, గాలి కూడా సత్తార్ చెప్పినంతే. మళ్ళీ ఏర్పేడు దాకా పోయొచ్చాం, ఈసారి కూడా వానే. అదే మలుపులో కారు బుద్ధిగా తిరిగింది. వచ్చేటప్పుడు ఆయన ఈల వేశాడు.

మర్నాడే కొండకు. పట్టు చీర కట్టుకున్నాను. అలిపిరి తనిఖీ దగ్గర పోలీసు కారంతా వెతికి, "మిగతావాళ్ళు యాడ కూర్సుంటారు సార్?" అని అడిగాడు. "మిగతావాళ్ళు బస్సులో వస్తారు" అన్నాడు మా ఆయన, సీరియస్‌గా.

కొండ మొదలైంది. చల్లగాలి, పక్కన లోయ, కింద తిరుపతి. కారులో చప్పుడన్నదే లేదు. ఇప్పుడు మాట్లాడతాడు, ఇప్పుడు మాట్లాడతాడు అని చూస్తున్నాను. ఎక్కడ! కళ్ళు రోడ్డు మీదే. వీపు బదులు చెవి కనపడుతోంది, అంతే తేడా. ఎప్పుడో దాచిపెట్టుకున్న సగం కోపం బయటికి తీయబోతున్నాను. పెద్ద మలుపొకటి వచ్చింది. ఆయన పెదవులు కదిలాయి.

"పట్టుకో చౌడీ."

తలుపు పట్టుకున్నాను. తర్వాతి మలుపులోనూ అంతే, గొణిగినట్టు, "పట్టుకో చౌడీ." నా వైపు చూడడు. నాకు చెప్తున్నట్టు కూడా లేదు.

"ఏమయ్యా, ఎవురితో మాట్లాడతాండావు?"

ఉలిక్కిపడ్డాడు. "ఇనపడిందా? బస్సులో ఇంజను మోతకు నాకే ఇనపడేది గాదే!"

"బస్సులో కూడా అనేవాడివా? ఎప్పుటినుంచి?"

"పెండ్లైన కొత్తలో, కడుపుతో ఉండి బస్సెక్కినావు సూడు, అప్పుటినుంచి."

"రోజూనా? నేను లేని దినం గూడానా?"

"నువ్వు సెప్పి ఎక్కేదానివా? జనంలో యాడో ఒకచోట నిలబడేదానివి. అద్దంలో సూస్తే అన్నీ తలకాయలే. కొండ మీద వెనక్కి తిరగ్గూడదు గదా. అందుకే ప్రతి మలుపుకూ సెప్పేస్తాంటి."

నాకు మాట రాలేదు. నాకు! కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఇన్నేళ్ళూ ఉలకడు పలకడని తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి, నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రెండు చేతులతో ఆయన ఎడమ చెయ్యి పట్టుకున్నాను.

మళ్ళీ మలుపు వచ్చింది. ఆయన ఏమీ అనలేదు.

"సెప్పవేం?"

"పట్టుకునే ఉండావు గదా" అన్నాడు. "కొంచెం వదులు, గేరు మార్సాల."

నేను వదల్లేదు. మిగతా కొండంతా రెండో గేరులోనే ఎక్కాం.